ఒకటో నంబరు ఒక్కటే లేచింది

కాలేజీల్లో కంప్యూటర్ ల్యాబులు నడపడం నా వృత్తి. ఇల్లు తెనాలి. ఒకే యాజమాన్యం కింద తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో మూడు కాలేజీలు, ఒక్కోదాంట్లో ఒక్కో ల్యాబు. ఆ మూడింటి మధ్య ప్యాసింజరు బండ్లలో, బస్సుల్లో తిరుగుతూనే నా ఉద్యోగం గడిచింది. పోయిన ఏడాది రిటైరయ్యాను.

ఈమధ్య మా పక్కింటివాళ్ళమ్మాయికి ఇలాంటి ఉద్యోగమే వచ్చింది. చేరబోయే ముందు వచ్చి, "ఆంటీ, రోజంతా ఏం చేసేవారండి అసలు?" అని అడిగింది. "పొద్దున్నే కంప్యూటర్లు లేచేట్టు చూసేదాన్ని" అన్నాను. నవ్వి ఊరుకుంది. నేను సరదాకి అనలేదు. ఆ అమ్మాయికి అప్పుడు చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను. జీతాల గురించి, ప్రమోషన్ల గురించి రాయను. అవి ఎవరివి వాళ్ళకు తెలుస్తూనే ఉంటాయి.

యంత్రం ఎలా లేస్తుంది

మా ల్యాబుల్లో కంప్యూటర్లకు లోపల డిస్కు ఉండదు. అంటే వాటికి సొంతంగా ఏమీ గుర్తుండదు. స్విచ్చి వేయగానే కంప్యూటరు నెట్‌వర్కులోకి ఒక కేక వేస్తుంది: నేనెవరిని, నాకు కావలసినవి ఎక్కడున్నాయి అని. గది మూలనున్న సర్వర్ దానికి ఒక చిరునామా ఇచ్చి, ఫలానా ఫైలు తెచ్చుకో అని చెబుతుంది. ఆ ఫైలును బూట్ లోడర్ అంటాం. లోడర్ చాలా చిన్న ప్రోగ్రాము. దానికి తెలిసిన పని ఒకటే. ఇంకో ఫైలు చదివి, అందులో రాసిన దారి పట్టుకుని వెళ్ళి కంప్యూటరును నడిపే అసలు సిస్టమ్‌ను తెచ్చుకోవడం. ఆ దారులు రాసిపెట్టేది నాలాంటి వాళ్ళం.

దారి అంటే ఏ ఫోల్డర్లో ఏ ఫోల్డరు, అందులో ఏ ఫైలు అని గీతలు పెట్టి రాసే ఒక్క వరస. అంతకన్నా ఏమీ లేదు. అందులో ఒక్క గీత ఎక్కువైనా, ఒక్క అక్షరం మారినా ల్యాబులోని అరవై కంప్యూటర్లూ నల్లటి తెరలతో నిలబడిపోతాయి. మనిషైతే పోనీలే, ఇదే అయివుంటుంది అని సర్దుకుంటాడు. లోడర్ సర్దుకోదు. ఫైలు లేదు అని ఒక ముక్క రాసి ఆగిపోతుంది.

బాపట్లలో

ఈ పని నాకు నేర్పింది కోటేశ్వరరావు గారు. టెలిఫోన్ శాఖలో చేసి వచ్చి బాపట్ల ల్యాబుకు ఇన్‌ఛార్జిగా ఉండేవారు. ముక్కోపి. మంచి బాసు అని చెప్పలేను. నలుగురిలో కేకలేసేవారు, తన తప్పు ఎప్పుడూ ఒప్పుకునేవారు కాదు. కానీ పని వచ్చు.

ఒకరోజు అక్కడ ఒక్క కంప్యూటరూ లేవలేదు. నేను సర్వర్ ముందు కూర్చుని ఫైళ్ళన్నీ చూశాను. అన్నీ ఉన్నాయి.

"ఫైలు ఉందండి. నేనే పెట్టాను. ఇదిగో కనిపిస్తోంది" అన్నాను.

"నువ్వేం పెట్టావో నాకెందుకమ్మా? అదేం అడిగిందో చెప్పు" అన్నారాయన.

ఏ కంప్యూటరు ఏం అడిగిందో, దొరికిందో లేదో సర్వర్ ఒకచోట రాసుకుంటుంది. లాగ్ అంటాం. దాని ముందు నన్ను కూర్చోబెట్టి, ఆయన టీకి వెళ్ళిపోయారు. గంటసేపు చూస్తే కనబడింది. నేను పెట్టిన ఫోల్డరు పేరు చిన్న అక్షరంతో మొదలవుతోంది. దారిలో రాసింది పెద్ద అక్షరంతో. మా సర్వర్లో ఆ రెండూ వేరు వేరు పేర్లు. రెండూ ఒకటేనని నేననుకున్నాను. అది అనుకోలేదు.

తిరిగొచ్చాక చెబితే ఆయన మెచ్చుకోలేదు. "గంట పట్టిందా?" అన్నారు, అంతే. అయినా ఆ రోజు నుంచి ఏది చెడినా ముందు లాగ్ చూశాకే మాట్లాడటం అలవాటైంది. దాదాపు ఎప్పుడూ. అలా చూడకుండా మాట్లాడిన ఒక రోజు గురించే ఇప్పుడు రాయబోయేది.

రేపల్లెలో పరీక్షకు ముందురోజు

రేపల్లె కాలేజీ ల్యాబులో అటెండరు ఆంజనేయులు గారు. నాకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్ద. అంతకుముందు రైసుమిల్లులో కరెంటు పని చేసేవారు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేవారు. కానీ ఆ గదిలో ఏ తీగ ఎక్కడికి పోతుందో ఆయనకు తెలిసినంత నాకు కూడా తెలియదు. ఒక పొడుగు నోటుబుక్కులో ప్రతిరోజూ జరిగింది తెలుగులో రాసి పెట్టుకునేవారు. పిల్లలు ఆయన్ని బాబాయ్ అని పిలిచేవాళ్ళు.

రెండో సంవత్సరం వాళ్ళకు ప్రాక్టికల్ పరీక్ష. దానికోసం కొత్త సిస్టమ్ పెట్టాలి. ముందురోజు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఆంజనేయులు గారు సర్వర్ దగ్గర వంగి ఉన్నారు.

"సాకెట్టులో నిప్పురవ్వలు వస్తున్నాయండి. మీరు పని మొదలెట్టకముందే ప్లగ్గు తీసి ఆ పక్క సాకెట్లో పెడతాను" అన్నారు.

సరేనన్నాను. సర్వర్ ఆపి, మార్చి, మళ్ళీ వేశారు. మామూలుగానే లేచింది. ఆ తర్వాతే నేను పని మొదలుపెట్టాను. కొత్త సిస్టమ్‌కు కొత్త ఫోల్డరు చేశాను. పాతదాన్ని చెరపకుండా పక్కన ఉంచాను. లోడర్ చదివే ఫైల్లో దారి మార్చాను. ఒకటో నంబరు కంప్యూటరు సర్వర్ పక్కనే ఉంటుంది. దాన్ని వేసి చూశాను. చక్కగా లేచింది.

ఆంజనేయులు గారు వెనకే నిలబడి ఉన్నారు. "మేడంగారూ, వెనక వరసలో కూడా ఒకటి చూద్దామాండి?" అన్నారు.

"ఒకటి లేస్తే అన్నీ లేస్తాయండి. అన్నిటికీ దారి ఒకటే" అన్నాను.

"అంతేలెండి" అన్నారాయన. నేను బండి అందుకోవడానికి స్టేషన్‌కు బయలుదేరాను.

పరీక్ష రోజు

మర్నాడు ఎనిమిదిన్నరకు ప్రిన్సిపాల్ గారి ఫోను. యాభై తొమ్మిది కంప్యూటర్లు లేవలేదు. ఒకటో నంబరు ఒక్కటే లేచింది. బయటి నుంచి ఎగ్జామినర్ వచ్చి కూర్చుని ఉన్నారు. పొద్దున బ్యాచ్ ముప్పై మంది. సగం మంది కృష్ణలోని లంక ఊళ్ళ నుంచి మొదటి బస్సుకు వచ్చిన పిల్లలు.

నేను ఇంట్లో ఉన్నాను. లాగ్ చూడలేదు, చూసే వీలూ లేదు. "చూడందే చెప్పలేనండి, వస్తున్నాను" అంటే సరిపోయేది. కానీ తొందరలో, "సర్వర్ ఆన్లో ఉందాండి? ప్లగ్గు గాని ఎవరన్నా పీకారా?" అని అడిగాను.

ఫోన్లోనే ప్రిన్సిపాల్ గారి గొంతు పక్కకు తిరగడం వినబడింది. "ఏమయ్యా, ప్లగ్గు పీకావా?"

"నిన్న పీకి పక్క సాకెట్లో పెట్టానండి, నిప్పురవ్వలు వస్తుంటే..."

మిగతాది వినబడలేదు. ప్రిన్సిపాల్ గారు గట్టిగా అరుస్తున్నారు.

ఆ ప్లగ్గుకూ దీనికీ సంబంధం లేదని నాకు తెలుసు. ఆంజనేయులు గారు మార్చింది నా కళ్ళముందే, నేను పని మొదలుపెట్టకముందే. అయినా ఆయన నోట ఆ మాట వినగానే నాకు లోపల కాస్త ఊరట కలిగింది. తప్పు ఇంకోచోట ఉండే అవకాశం ఒకటి దొరికినట్టనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. రాయకపోతే మిగతాదంతా రాయడం దండగ.

రేపల్లె చేరేసరికి పదిన్నర దాటింది. లాగ్ తెరిచాను. ఐదు నిమిషాలు పట్టలేదు.

లోడర్ ముందుగా తన కంప్యూటరు పేరు మీద ప్రత్యేకంగా ఫైలేమైనా ఉందా అని వెతుకుతుంది. లేకపోతేనే అందరికీ ఉమ్మడిగా ఉన్న ఫైలు చదువుతుంది. ఎప్పుడో నాలుగేళ్ళ కిందట, ఏదో పరీక్షించి చూడటానికి, ఒకటో నంబరుకు నేను ప్రత్యేకంగా ఒక ఫైలు రాశాను. తర్వాత మర్చిపోయాను. ముందురోజు లేచిన ఒకటో నంబరు ఆ పాత ఫైలు చదివి, పాత దారిలో పోయి, పాత సిస్టమ్ తెచ్చుకుంది. తెర మీద పాతదీ కొత్తదీ ఒకేలా కనిపిస్తాయి. నేను రాసిన కొత్త దారిని అది ముట్టుకోనే లేదు.

మిగతా యాభై తొమ్మిదీ ఉమ్మడి ఫైలు చదివాయి. అందులో నేను సర్వర్ మొదలు నుంచి పూర్తి దారి రాశాను. లోడర్‌కు సర్వర్ మొత్తం కనబడదు. దానికి కేటాయించిన ఒక్క ఫోల్డరే దాని ప్రపంచం. వంటిల్లు ఎక్కడని ఇంట్లో కూర్చున్నవాళ్ళు అడిగితే హాలు పక్కన అంటాం గాని, ఫలానా ఊళ్ళో ఫలానా వీధిలో అని మొదలుపెట్టం కదా. నేను సరిగ్గా అలాగే మొదలుపెట్టాను. దారి ముందున్న రెండు పేర్లు చెరిపేశాను. వెనక వరస నుంచి తెరలు ఒక్కొక్కటే వెలిగాయి.

ప్రిన్సిపాల్ గారు వచ్చారు. "ఏమైందండి?"

"సెట్టింగులో చిన్న తేడా వచ్చిందండి" అన్నాను.

మన భాషలో ఈ సౌకర్యం ఉంది. తేడా వస్తుంది, ఫైలు పోతుంది, దారి మారుతుంది. ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు. ఆయన మాత్రం ఆ తేడా ప్లగ్గు వల్ల వచ్చిందని అర్థం చేసుకున్నారు. అలా అర్థం చేసుకుంటున్నారని నాకు తెలుస్తూనే ఉంది. నేను దిద్దలేదు.

ఎగ్జామినర్ మధ్యాహ్నం బ్యాచ్‌కే పరీక్ష పెట్టి వెళ్ళిపోయారు. పొద్దున బ్యాచ్ పిల్లలు ఆకలితో ఇళ్ళకు పోయి, మరో రోజు మళ్ళీ వచ్చారు.

క్రోటన్ మొక్కల దగ్గర

పది రోజుల తర్వాత వెళితే ల్యాబులో ఆంజనేయులు గారి కుర్చీ ఖాళీగా ఉంది.

"ఆంజనేయులు గారేరి?" అన్నాను.

"ప్లగ్గు బాబాయా మేడం? తోట పనికి మార్చారుగా" అన్నాడొక విద్యార్థి. పక్కవాళ్ళు నవ్వారు.

ఆఫీసు వెనక ఆయన ట్యూబు పట్టుకుని క్రోటన్ మొక్కలకు నీళ్ళు పడుతున్నారు. నన్ను చూసి ట్యూబు కింద పెట్టి, చేతులు తుడుచుకున్నారు.

"బాగున్నారాండి?" అని, "ఒక మాట అడగనామ్మా? ప్లగ్గు పీకారా అని మీరే అడిగారంట గదా. పీకాను. మీ ముందే మళ్ళీ పెట్టాను, లేచింది గూడా. బుక్కులో రాసుకున్నా. మరి నావల్లే చెడిందా అమ్మా? కోప్పడి కాదు, నాకు తెలీక అడుగుతున్నా. తెలిస్తే ఇంకోసారి చెయ్యకుండా ఉంటా" అన్నారు.

నన్ను నిందించివుంటే తేలికగా ఉండేది. ఆయన నిజంగానే తనని తాను అనుమానించుకుంటున్నారు.

"మీవల్ల కాదులెండి" అన్నాను. ఎవరివల్లో చెప్పలేదు. వచ్చేశాను.

ఎందుకు చెప్పలేదో ఆలోచించాను. మూడు ల్యాబులూ నా చేతికివ్వాలా వద్దా అని యాజమాన్యం ఆ రోజుల్లోనే తర్జనభర్జన పడుతోంది. ఆడమనిషి మూడు ఊళ్ళు తిరిగి ఏం చేస్తుంది అన్నవాళ్ళున్నారు. నేనొక తప్పు చేస్తే అది నా ఒక్కదాని తప్పు కాదు, చూశారా మేం చెప్పలేదా అనడానికి వాళ్ళకు దొరికే సాక్ష్యం. ఈ కారణం అబద్ధం కాదు. కానీ ఆ కారణం బరువు ఆంజనేయులు గారు ఎందుకు మోయాలి? ఇంకో వారం గడిచింది. అన్నం ముందు కూర్చున్నా, బండిలో కూర్చున్నా, "నాకు తెలీక అడుగుతున్నా" అన్న మాటే.

చెప్పడం

ప్రిన్సిపాల్ గారి గదిలోకి లాగ్ కాగితాలు తీసుకుని వెళ్ళాను. నేనే దారి తప్పు రాశాను, ఒక్క కంప్యూటరు చూసి సరిపెట్టాను, రెండోది చూడమని ఆంజనేయులు గారు అడిగినా వినలేదు, ప్లగ్గుకు ఏ సంబంధమూ లేదు. అన్నీ చెప్పాను.

ప్రిన్సిపాల్ గారు కాగితాలు చూడలేదు. "అయిపోయిన పెళ్ళికి మేళం ఎందుకండి ఇప్పుడు? పరీక్షలు అయిపోయాయి. మీ పేరు చెడగొట్టుకోవడం దేనికి? కావాలంటే ఆయన్ని మళ్ళీ ల్యాబులోకి వేస్తాను. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు" అన్నారు.

చెడ్డ మనిషి కాదు. నాకు మేలు చేస్తున్నాననే అనుకున్నారు. నాక్కూడా ఒక్క క్షణం అది చాలనిపించింది. అయినా తోటలోకి వెళ్ళి ఆంజనేయులు గారికి అంతా చెప్పాను, క్షమించమని అడిగాను.

ఆయన నీళ్ళ కుళాయి కట్టేసి వచ్చారు. తర్వాత, "నేను ల్యాబులోకి రానండి" అన్నారు.

"తప్పు నాదని చెప్పేశాను కదండి."

"సార్‌కి చెప్పారు. నాకు చెప్పారు. పిల్లలకెవరు చెప్తారమ్మా? నేను లోపలికొస్తే ప్లగ్గు బాబాయ్ వచ్చాడనే అంటారు. పరీక్ష పోయింది వాళ్ళకి గదండి."

ఆ మధ్యాహ్నమే పిల్లల ముందు మాట్లాడటానికి ఇరవై నిమిషాలు అడిగి తీసుకున్నాను. ల్యాబులో అరవై మందీ ఉన్నారు. గోడ మీద పెద్ద తెర మీద ఆ రోజు లాగ్ వేశాను. ఒకటో నంబరు ఏమడిగింది, మిగతావి ఏమడిగాయి, నేను రాసిన దారి ఏంటి, రాయాల్సింది ఏంటి, అన్నీ చూపించాను. తప్పు ఎలా జరిగిందో చెబుతున్నంతసేపూ తెర వైపే చూశాను. పాఠం చెబుతున్నట్టే ఉంది. "ఇది చేసింది నేను. ఆంజనేయులు గారు ఇంకో కంప్యూటరు చూడమన్నారు, నేను వినలేదు" అన్నప్పుడు మాత్రం పిల్లల వైపు తిరిగాను.

రెండో వరసలో ఒకమ్మాయి లేచింది. లంకల నుంచి వచ్చే పిల్లే. "మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు మేడం?"

"భయమేసిందమ్మా" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయి కూర్చుంది. క్షమించినట్టు నాకనిపించలేదు. క్షమించాలని నేను అడగనూ లేదు.

గుమ్మం దగ్గర ఆంజనేయులు గారు చెప్పులు విడుస్తున్నారు. "బాబాయ్, లోపలికి రండి" అన్నారెవరో. బాబాయ్ ముందు "ప్లగ్గు" అన్న మాట లేదు.

ఈ సంగతి యాజమాన్యానికి చేరింది. నాకు రావలసినవి కొన్ని ఆలస్యమయ్యాయి. అవి రాయనని మొదటే అన్నాను.

కొత్తగా చేరేవాళ్ళకు

ఇప్పుడు సాధనాలు మారాయి. దారి ఎలా రాయాలో అడిగితే సెల్‌ఫోన్లో ఏదో ఒకటి క్షణంలో చెబుతుంది. బాగానే చెబుతుంది. కానీ మీ ఒకటో నంబరుకు నాలుగేళ్ళ కిందట మీరే ఒక ప్రత్యేక ఫైలు రాసి మర్చిపోయారని దానికి తెలియదు. అది మీరే గుర్తుంచుకోవాలి, లేదా ఎక్కడైనా రాసి పెట్టుకోవాలి. పిల్లలకు చెప్పిన మర్నాడే నేనూ ఒక పొడుగు నోటుబుక్కు కొన్నాను.

ఇంకొకటి. మీ పక్కన నిలబడి ఇంకోటి చూద్దామా అనేవాళ్ళకు మీకున్న చదువు ఉండకపోవచ్చు. వాళ్ళు అడిగింది చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది.

ఆంజనేయులు గారు లాగ్ చదవడం నేర్చుకున్నారు. నేర్పమని ఆయనే అడిగారు. ఇంగ్లీషు మాటలను బొమ్మల్లా గుర్తుపెట్టుకుని, ఇది "అడిగింది", ఇది "దొరికింది", ఇది "దొరకలేదు" అని పక్కన తెలుగులో రాసుకున్నారు. దిద్దే వీలు ఉండాలని సర్వర్ పాస్‌వర్డు కూడా ఆయనకిచ్చాను. అటెండరుకు పాస్‌వర్డేంటని ఒకరిద్దరు అడిగారు. ఇచ్చాను, అంతే.

ఆయన రిటైరవడానికి కొన్ని నెలల ముందు, నేను బాపట్లలో ఉండగా ఫోను వచ్చింది.

"అమ్మా, ఏ వరసా లేవట్లేదు. లాగ్ చూశాను. ఉమ్మడి ఫైలు అడిగాయి, దొరికింది. తర్వాత సిస్టమ్ అడిగాయి, దొరకలేదంటోంది. దారిలో నిన్న మీరు రాసిన పేరు చివర ఒక అక్షరం రెండుసార్లు పడ్డట్టుందండి. ఫోల్డరు పేర్లో ఒక్కసారే ఉంది."

"అవునండి, నేనే రాశాను. నేను వస్తున్నానుండండి."

"మీరెందుకమ్మా అంత దూరం నుంచి? ఏ అక్షరమో నాకు కనబడుతోందిగా. తీసెయ్యనా?"

"తీసెయ్యండి" అన్నాను.

ఫోను పక్కన పెట్టిన చప్పుడు. మీటలు ఒక్కొక్కటే, ఆగి ఆగి నొక్కుతున్నారు. తర్వాత గదిలో నడిచిన అడుగుల చప్పుడు, చాలాసేపు. ఒక వరస చివరిదాకా, మళ్ళీ ఇంకో వరస.

"అరవై లేచాయమ్మా" అన్నారు. "అన్నీ చూశాను."